రాహేలు చెప్పిన సాక్ష్యం

చర్చి సంఘం తరఫున ఏడాది పాటు సేవ చేయడానికి కరీంనగర్ పోతున్నానని రాహేలు చెప్పిన రోజు తల్లి బాలవ్వ అగ్గిమీద గుగ్గిలమైంది.

"జీతం ఎంతిస్తరట?"

"జీతం లేదవ్వా. బువ్వ పెడ్తరు, కట్టుకోను చీరెలిస్తరు. సేవ గద."

"జీతం లేని పనిని మేం వెట్టి అన్నమే బిడ్డా! దొర గడీల నేను దంచిన వడ్లకు, మీ బాపు మోసిన మోతలకు ఎవడన్న పైస ఇచ్చిండా? గా వెట్టి పోయి నాలుగు దినాలు గాలే, మల్ల నువ్వు పోతనంటవా?"

బాలవ్వ కోపంలో న్యాయముంది. పోలీసు యాక్షన్ దాకా, సుల్తానాబాద్ దగ్గరి వాళ్ల ఊళ్లో దొర కబురు పెడితే పాలు తాగే బిడ్డను కూడా కిందికి దించి పరుగెత్తాల్సిందే. కానీ రాహేలు మిషన్ బోర్డింగులో ఏడో తరగతి దాకా చదివిన పిల్ల. "అది బలవంతమవ్వా, గిది నా ఇష్టం" అంది. అంతకంటే మంచి జవాబు ఎవరు చెప్పగలరు? తల్లి మనసు మాత్రం కుదుటపడలేదు.

సేవంటే ఏమిటో సంఘం ముందే చెప్పింది. మానేరు ఏటి వైపు బీడీలు చుట్టేవాళ్ల గుడిసెల వాడ ఒకటుంది. పొద్దున పోయి అక్కడి పిల్లల పుండ్లు కడిగి మందు రాయాలి, సాయంత్రం ఆడవాళ్లకు అక్షరాలు నేర్పాలి. ఉండడం మాత్రం సంఘం పెద్ద దేవదానం అయ్యగారి ఇంట్లో.

వచ్చిన ఆదివారం ఆరాధనలో కూర్చుని, సోమవారమే రాహేలు వాడకు పోయింది. సత్తమ్మ అనే ఆమె గుడిసె ముందు కూర్చుని బీడీలు చుడుతోంది. ఒళ్లో పసిపిల్ల, పిల్ల నెత్తంతా పుండ్లు, పుండ్ల మీద ఈగలు. రాహేలు వేపాకు వేసి కాచిన నీళ్లతో మెల్లగా కడిగి మందు రాసింది. "రోజూ కడిగితెనే మానుతదక్కా. రేపు పొద్దుగాల మల్లొస్త, నీళ్లు కాగబెట్టి ఉంచు" అని మాటిచ్చి వచ్చింది.

తెల్లారి చెప్పులేసుకుంటుంటే వంటింట్లోంచి అమ్మగారి పిలుపు వినబడింది. "రాహేలూ, జర ఆ బిందెలు నింపి పో." నింపింది. తర్వాత కారం దంచమన్నారు. దంచేసరికి మధ్యాహ్నం దాటింది. ఆ మర్నాడు మెట్‌పల్లి నుంచి అమ్మగారి చుట్టాలు దిగారు. ఇక చూడాలి! పొద్దస్తమానం పొయ్యి దగ్గరే సరిపోయింది.

"వాడకు పోవాలె అమ్మగారూ, మాటిచ్చిన" అంటే, "చుట్టాలు పోయినంక పోదువు తియ్యి. వాడ యాడికి పోతది?" అంది ఆవిడ. అవును మరి, వాడ ఎక్కడికీ పోదు! పసిదాని నెత్తిమీది పుండు ఆగుతుందా? అయ్యగారితో మొరపెట్టుకుంటే ఆయన తల కూడా ఎత్తలేదు. "ఇంటి పని కూడా ప్రభువు పనేనమ్మా" అన్నాడు. ఎంత తేలిగ్గా అన్నాడో! ఆ ప్రభువు పనేదో ఆ చుట్టాలే చేస్తే ఎవరు వద్దన్నారట?

శనివారం ఎట్లాగో తప్పించుకుని వాడకు పరుగెత్తింది. సత్తమ్మ లేచి గుమ్మానికి అడ్డం నిలబడింది.

"గిప్పుడు యాదికొచ్చినమా? నువ్వస్తవని రోజు నీళ్లు కాగబెట్టుకోని కూసున్న. పుండ్ల పురుగులు పడ్డయి. దవఖానకు ఎత్తుకపోతే పట్టుకార్లతోని ఏరిండ్రు. నా బిడ్డ ఎట్ల ఏడ్సిందో నీకేం ఎరుక!"

రాహేలు వెనక్కి తిరిగింది. సిగ్గుతో సగం దారి నడిచింది. మిగతా సగం నడిచేసరికి ఆ సిగ్గు కోపంగా మారింది. ఇంటికొచ్చి చూస్తే చుట్టాల ఎంగిలి గిన్నెలు కుప్పగా ఎదురుచూస్తున్నాయి.

మర్నాడు ఆదివారం. కొత్తగా సేవకు వచ్చినవాళ్లు ఆరాధనలో నిలబడి, తమ చేత దేవుడు చేయించిన పని గురించి సాక్ష్యం చెప్పాలి. చివర అందరూ ఆమెన్ అంటారు. అయ్యగారు చిరునవ్వుతో రాహేలును పిలిచాడు.

రాహేలు నిలబడింది.

"వాడల నేను పనిచేసింది ఒక్కనాడు. తక్కిన దినాలన్ని అయ్యగారింట్ల నీళ్లు మోసిన, కారం దంచిన, బాసన్లు తోమిన. నేను పోకపోతే ఒక పసిపిల్ల నెత్తిల పురుగులు పడ్డయి. అయ్యగారూ, మీ నాయిన దొర గడీల నీళ్లు మోసి మోసి సచ్చిండని, గా వెట్టిలకెల్లి దేవుడు మిమ్ముల బయటేసిండని పోయిన ఆదివారం మీరే చెప్పి ఏడ్సిండ్రు. మరి నాతోని చేపిచ్చింది ఏంది? గిదే నా సాక్ష్యం."

ఒక్కరూ ఆమెన్ అనలేదు. అమ్మగారు కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. ఆ చాపల మీద కూర్చున్నవాళ్లలో వెట్టి చేయని ఇల్లు ఏదైనా ఉందా? ఒక్కటీ లేదు. వెనక వరుసలోంచి ముసలి ముత్తయ్య గోడ పట్టుకుని లేచాడు. దొర మూటలు మోసి మోసి ఒక భుజం వంగిపోయిన మనిషి. "ఆమెన్" అన్నాడు గట్టిగా. ఆడవాళ్ల వైపు నుంచి ఇంకొకరు అన్నారు, ఆ వెనక మరొకరు.

ఆరాధన ముగిశాక అయ్యగారు రాహేలు దగ్గరికొచ్చి, ఎవరికీ వినబడకుండా, "రేపటి బస్సుకు మీ ఊరికి పో" అన్నాడు.

"సంఘం నన్ను వాడకు పంపింది అయ్యగారూ, మీ ఇంటికి గాదు."

పక్కనే ఉన్న ముత్తయ్య అందుకున్నాడు. "పిల్ల మా ఇంట్ల ఉంటది. మేం తాగే జొన్న గట్కనే తాగుతది. దీనికి మల్ల పంచాయితి ఎందుకయ్యా?"

రాహేలు అటునుంచి అటే, భోజనానికి కూడా ఆగకుండా వాడకు పోయింది. ఎవరేమైనా అనుకోనీ, ఆమె ఏడాది లెక్క ఆ మధ్యాహ్నం నుంచే!

సత్తమ్మ బీడీల చేట పక్కకు జరిపి ఎగాదిగా చూసింది. "గియ్యాల అమ్మగారింట్ల చుట్టాలు లేరా?"

"ఉన్నరు. వాళ్ల గిన్నెలు వాళ్లే తోముకుంటరు."

సత్తమ్మ నవ్వలేదు. లోపలికి పోయి పిల్లను తెచ్చి రాహేలు ఒళ్లో పెట్టింది. వేడినీళ్ల గిన్నె పక్కన దించుతూ అంది:

"రేపు గిట్ల రాకపోతే నిన్నేం అడగ. సీదా మీ దేవుని తానకే పోయి అడుగుత."