ఉయ్యూరులో నా చెయ్యి పట్టుకున్నావిడ

డిగ్రీలో ఉండగా, ఆడవాళ్ల మీద హింస గురించి మేం అమ్మాయిలమే కలిసి ఉయ్యూరులో వీధి నాటకం వేశాం. పొడుగ్గా ఉంటానని నాకు మొగుడి వేషం ఇచ్చారు. కాటుకతో మీసం దిద్దుకున్నాను. నీరెండ, చక్కెర ఫ్యాక్టరీ వైపు నుంచి చెరుకు పాకం వాసన, అంతా కలలోలా ఉంది.

పెళ్లాన్ని కొట్టడానికి చెయ్యెత్తాను. జనంలోంచి ఒకావిడ మెల్లగా నడిచొచ్చి నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. భయంతో డైలాగులన్నీ మర్చిపోయాను.

"నేను ఆడపిల్లనేనండీ, ఇది నాటకం" అని గొణిగాను.

"తెలుసమ్మా" అందావిడ, చెయ్యి వదలకుండానే. "ఇట్టా పట్టుకుంటే ఆగుద్దో లేదో చూద్దామని."

ఇప్పటికీ గాజులు వేసుకునేటప్పుడు ఆ పట్టు తెలుస్తుంది. నా చెయ్యయితే ఆగింది. ఆవిడ ఇంటికెళ్లాక ఇంకో చెయ్యి ఆగిందో లేదో నాకు తెలీదు.