మగ్గం గుంటలోని మొక్కలు

ఆ రోజు పొద్దున మా కిటికీలోని మొక్క ఆకుల మధ్య గిన్నెలా నిలిచిన నీళ్ళలో ఒక చీమ మునిగి ఉంది. చీపురుపుల్లతో దాన్ని తీస్తుంటే ఫోన్ మోగింది. కర్నూలు ఆసుపత్రి నుంచి మా నాన్న. "మామ పోయినాడు" అన్నాడు. ఫోన్ పెట్టేశాక చూస్తే పుల్ల ఇంకా నా చేతిలోనే ఉంది, చీమ దాని చివర అంటుకుని ఉంది.

మామ అంటే మా మేనత్త భర్త. ఎమ్మిగనూరులో నలభై ఏళ్ళు మగ్గం నేశాడు. నన్ను "కోడలా" అని పిలిచేవాడు. చివరి పదేళ్ళలో ఆయన్ని వీధిలో అందరూ మొక్కలాయన అనేవాళ్ళు. నేతగాడని చెబితే కొత్తవాళ్ళు నమ్మేవాళ్ళు కాదు.

ఆయన పెంచినవి బ్రొమీలియాడ్లు. చూడనివాళ్ళు అనాస మొక్కను గుర్తు తెచ్చుకోండి. ఆకులు మొదట్లో ఒకదాన్నొకటి పట్టుకుని మధ్యలో గిన్నెలా అవుతాయి. ఆ గిన్నెలో నిలిచే నీళ్ళతోనే మొక్క బతుకుతుంది. ఒక్కసారే పూస్తుంది. పూశాక నెలల తరబడి మెల్లగా ఎండిపోతూ, ఆకుల సందుల్లో పిల్లలు పెడుతుంది. ఆ పిల్లలు కొంత పెరిగేదాకా ఎండుతున్న తల్లి నుంచే తిండి తీసుకుంటాయి.

మగ్గం అమ్మేశాక మామ బెంగళూరు వెళ్ళి ఒక అపార్టుమెంటులో తోటపని చేశాడు. అక్కడ లిఫ్టుల పక్కన ఈ మొక్కలు పెట్టేవాళ్ళట. పువ్వు వాడగానే పాతవి గోనెసంచుల్లోకి, కొత్తవి కుండీల్లోకి. "పువ్వు వాడితే సచ్చిపోయిందనుకుంటారు కోడలా. కాళ్ళకాడ పిల్లలుంటాయని వంగి సూసినోడు లేడు" అనేవాడు. ఆయన వంగి చూశాడు. సెలవుకు వచ్చినప్పుడల్లా ఒకటో రెండో బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు. పని మానేసి వచ్చేనాటికి ఇంట్లో ముప్పై దాకా అయ్యాయి. "అందరూ బెంగళూరు పోయి డబ్బు తెస్తే, మా ఆయన చెత్త తెచ్చినాడు" అని అత్త ఇరుగుపొరుగుకు చెప్పి నవ్వించేది.

మా ఎండలకు అవి ఒక్క వేసవి కూడా దాటవని అందరూ అన్నారు. వాళ్ళు మగ్గం గదిని మరిచిపోయారు. గుంట మగ్గం ఉన్న గది ఎండాకాలంలోనూ చెమ్మగా ఉండాలి. గాలి ఎండితే పడుగు పోగులు పుటుక్కున తెగుతాయి. అందుకే నేతగాళ్ళు నేల తడుపుతారు, కిటికీకి తడిగుడ్డ కడతారు. మగ్గం పోయినా, కాళ్ళు పెట్టుకుని కూర్చునే ఆ గుంట అలాగే ఉంది. అందులో ఇసుక పోసి తడిపి, కుండీలు దించాడు. నేసేటప్పుడు వెలుగు కోసం పెట్టించుకున్న కిటికీ ఉత్తరం వైపు ఉంది. మొక్కలకూ అంత వెలుగే కావాలి. పొద్దునా సాయంత్రం చెంబులోంచి నీళ్ళు తీసి నేల మీద చల్లేవాడు. "పోగుకు ఏం గావాల్నో దీనికీ అదే గావాల. నేను కొత్తగా నేర్చుకునిందేం లేదు" అన్నాడొకసారి.

మా వైపు బోరు నీళ్ళు ఉప్పు. పోస్తే ఆకుల మీద తెల్లటి పొర కడుతుంది, గిన్నె కుళ్ళుతుంది. ఆయన వాన నీళ్ళు రెండు డ్రమ్ముల్లో పట్టి, దోమలు దూరకుండా పాత పంచె కట్టి దాచేవాడు. వాన మొదలైతే ముందు డ్రమ్ముల దగ్గరికి పరిగెత్తేవాడు. ఆరేసిన బట్టలు తడిసి ముద్దయ్యాక గుర్తొచ్చేవి. అత్త అప్పుడు తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను.

నేను ఆ గదిలోకి వెళ్ళడం మొదలుపెట్టింది మొక్కల కోసం కాదు, మనుషుల నుంచి తప్పించుకోవడానికి. కాన్వెంటులో మాట్లాడని పిల్లకు మంచి పేరు. ఇంటికి చుట్టాలొస్తే అదే పిల్లను మూగదానా అంటారు. అత్త వాళ్ళింట్లో జనం చేరితే నేను పుస్తకం పట్టుకుని మగ్గం గదిలో గోడకు ఆనుకుని కూర్చునేదాన్ని. మామ నా మార్కులు అడగలేదు. ఏం చదువుతున్నావని కూడా అడగలేదు. తన పని తాను చేసుకునేవాడు.

ఒకరోజు మాత్రం ఆ మొక్కల అసలు పేర్లు కనుక్కోమన్నాడు. వారం రోజులు వెతికి, ఐస్‌క్రీమ్ పుల్లల మీద తెలుగులో రాసి తీసుకెళ్ళాను. "రాస్తే సాలదు, పిలువు సూద్దాం" అన్నాడు. నోట్లోనే పలికాను. "నాకే ఇనపల్లేదు. దానికేం ఇనపడుతుంది?" అన్నాడు. మళ్ళీ పలికాను. గుజ్మానియా. వ్రీసియా. నియోరెగీలియా. ఆ చివరిదానికి ఆయన తల అడ్డంగా ఊపాడు. "ఇంత పేరు మోస్తే దానికి నడుము నొస్తుంది."

ఆయన పేర్లు ఆయనకుండేవి. పూసే కాలానికి నడుమ ఆకులు ఎర్రబడే నియోరెగీలియాను "సిగ్గుది" అనేవాడు. దాని పిల్లనే నాకిచ్చాడు. "ఇది నీ మొక్క, ఆదోనికి పట్టుకపో. ఇద్దరూ మాట్లాడకుండా కూసోండి" అన్నాడు. నా కిటికీలో ఉన్నది అదే. అనాస కూడా ఈ కుటుంబమేనని చెప్పినప్పుడు చాలాసేపు ఆలోచించి, "అట్లయితే ఇన్ని దినాలు సుట్టాన్ని కోసుకొని తింటిమా" అన్నాడు. ఆ తర్వాత ఇంటికి అనాసపండు వస్తే దాని తలను మెలితిప్పి తీసి కుండీలో నాటిన తర్వాతే పండు కోయనిచ్చేవాడు.

అన్నిటిలోకీ ఆయనకు ఇష్టమైనది పులిచారలది. పుల్ల మీద నేను వ్రీసియా అని రాసింది దానికే. ఆకులకు అడ్డంగా నల్లటి పట్టీలు. ఆ రకం ఆయన దగ్గర ఒక్కటే ఉండేది. వేలెడంత పిల్లప్పటి నుంచి నాలుగేళ్ళు పెంచితే కిందటేడు పూసింది. ఎర్రగా, బల్లపరుపుగా, కత్తిలా నిలబడింది పువ్వు. వీధంతా వచ్చి చూసి వెళ్ళింది. అది వాడిపోయాక ఎవరూ రాలేదు. "పువ్వు పోయినంక గదా దాని పని మొదలయ్యేది" అని మామ ఒక్కడే రోజూ దాని ముందు కూర్చునేవాడు.

ఈ ఏడు ఎండలు ముదరక ముందే ఆయన గుండె జబ్బు ముదిరింది. కర్నూలు తీసుకెళ్ళారు. ఆటో ఎక్కే ముందు నన్ను పిలిచి, మూడు దినాలకోసారి వచ్చి డ్రమ్ము నీళ్ళు పొయ్యమన్నాడు. "చారలదాన్ని కదిలియ్యొద్దు. సూసేకి బాగుండదు. లోపల పిల్ల ఉండాది" అన్నాడు. నేను తల ఊపాను.

నేను ఆదోనిలో ఒక చిన్న స్కూలు లైబ్రరీ చూసుకుంటాను. పని అయ్యాక బస్సులో వెళ్ళి నీళ్ళు పోసి వచ్చేదాన్ని. రెండు వారాలయ్యాక, మా నాన్నను ఆయన దగ్గర ఉంచి అత్త బట్టల కోసం ఇంటికొచ్చింది. ఎన్ని రాత్రుల నుంచి నిద్ర లేదో, కళ్ళు లోపలికి పోయాయి. మగ్గం గది గడప మీద నిలబడింది. పులిచారలది బయటి ఆకులు గోధుమ రంగుకు తిరిగి వేలాడుతున్నాయి.

"మనిషి ఆస్పత్రిలో ఉంటే ఇంట్లో సచ్చే సెట్టును పెట్టుకుంటారా? తీసి పారెయ్" అంది.

"లోపల పిల్ల ఉంది అత్తా." నాలుగు మాటలు. గొంతు దాకా వచ్చాయి. అత్త గొంతు వణుకుతోంది. నాది లేవలేదు. మొక్కను కుండీలోంచి లాగాను. ఆకుల సందులో పిల్ల కనిపించింది, నా చిటికెన వేలంత, పచ్చగా. విడదీస్తే బతికే వయసు కాదు. మొత్తంగా చెత్త బకెట్టులో పెట్టి, బండి వస్తే తీసుకుపోయేలా గడప బయట ఉంచాను.

బెంగళూరులో గోనెసంచులు నింపిన వాళ్ళు తెలియక చేశారు. నాకు తెలుసు.

తర్వాతి ఆదివారం ఆసుపత్రికి వెళ్ళాను. మామ బాగా చిక్కిపోయాడు. నన్ను చూడగానే అడిగిన మొదటి మాట, "చారలదాని పిల్ల ఎంతయింది?"

"ఇంతయింది మామా" అని చిటికెన వేలు చూపించాను. మరీ అంతే అంటే నమ్మడేమోనని, "ఇంకొంచెం పెద్దదే" అన్నాను. భయానికి గొంతు పెద్దదైంది. పక్క మంచం వాళ్ళు కూడా ఇటు తిరిగారు.

ఆయన నవ్వాడు. "ఇప్పుడు ఇనపడింది" అన్నాడు. నా చిటికెన వేలు చూస్తూ, "తొందరపడి విడదీయొద్దు. తల్లికాడనే ఉండనీ" అన్నాడు.

ఆయన నాతో అన్న చివరి మాట అదే. తొమ్మిది రోజులకు నాన్న ఫోన్ వచ్చింది.

పెద్దదినం అయిపోయి చుట్టాలందరూ వెళ్ళాక అత్త మగ్గం గదిలో నేల మీద నీళ్ళు చల్లుతోంది. మామలా చల్లడం ఆమెకు రాలేదు, నీళ్ళు ఒకేచోట పడుతున్నాయి. చల్లుతూ ఆగి, "ఆ చారలది యాడ పెట్నావు?" అంది. ఆమెకు నిజంగానే గుర్తు లేదు.

"పారేశాను అత్తా. ఆ రోజు నువ్వొచ్చినప్పుడు." లోపల పిల్ల ఉండిందని కూడా చెప్పాను.

అత్త చెంబు కింద పెట్టింది. "నేనే గదా సెప్పిండేది" అంది. తడి నేల వైపు చూస్తూ, "నేనేదో కడుపుమంటకు అంటి. నువ్వన్నా వద్దనకూడదా అమ్మా" అంది. ఆ మాటలో కోపం లేదు. కోపం ఉంటే నాకు బాగుండేది. మళ్ళీ చెంబు తీసుకుని చల్లడం మొదలుపెట్టింది.

ఇప్పుడు ఆదివారాలు వెళ్తున్నాను. మిగిలినవి బాగానే ఉన్నాయి. మొదటి డ్రమ్ము అయిపోయింది, రెండోది సగానికి వచ్చింది, వానలు ఇంకా రాలేదు. వ్రీసియా అని రాసిన పుల్ల ఖాళీ చోట ఇసుకలో అలాగే ఉంది. అత్త తీయలేదు, నేనూ తీయలేదు.

మొక్కను బకెట్టులో పెట్టిన ఆ రోజు వాళ్ళ వీధికి చెత్తబండి రాలేదు. సాయంత్రం అత్తను కర్నూలు బస్సు ఎక్కించి నేను తిరిగొచ్చేసరికి బకెట్టు గడప బయటే ఉంది. మొక్క నిటారుగానే ఉంది, గిన్నెలో నీళ్ళు కూడా పూర్తిగా ఒలికిపోలేదు. ఇంట్లో ఎవరూ లేరు. నేను దాన్ని అక్కడే వదిలి, తలుపుకు తాళం వేసి ఆదోని బస్సుకు వెళ్ళిపోయాను.