కారం చేతులకు ముందు నూనె

డిప్లొమా చేతికొచ్చిన ఏడాదే గుంటూరు శివార్లలో ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో కంప్రెసర్లు చూసే పని దొరికింది. రెండువేల సంవత్సరం దాటి ఒకటి రెండేళ్ళు అయి ఉంటుంది. నా పని యంత్రాలతోనే అయినా, కూలింగ్ పైపులు చూడాలంటే మిర్చి బస్తాల మధ్య నుంచే వెళ్ళాలి. సాయంత్రానికి మెడ, మోచేతి మడతలు, గోళ్ళ సందులు మండేవి.

ఇంటికి రాగానే స్నానానికి నాకొక వరస ఉండేది. విడిచిన బట్టలు దొడ్లో బకెట్లోకి, గోళ్ళకు బ్రష్షు, రెండు బకెట్ల వేణ్ణీళ్ళు, సబ్బు రెండుసార్లు, చివర పౌడరు. ఇంతకంటే శుభ్రం ఉండదనుకునేవాణ్ణి.

ఆ మార్చిలో అక్క పురిటికొచ్చి ఆడపిల్లను కన్నది. ఒక సాయంత్రం స్నానం చేసొచ్చి పాపను ఎత్తుకుని బుగ్గ నిమిరాను. కాసేపటికే బుగ్గ ఎర్రగా కందింది. పాప గుక్కపట్టి ఏడ్చింది. అమ్మ గబగబా కొబ్బరినూనె రాసి తుడిస్తేగాని ఊరుకోలేదు.

"ఒరేయ్, ఆ చేతులతో పసిగుడ్డును ముట్టుకుంటావా! సీజన్ అయ్యేదాకా దీని దగ్గరకు రాకు."

"ఇరవయ్యొకటో రోజున ఉయ్యాల్లో వేయాల్సింది మేనమామే కదమ్మా" అంది అక్క.

"పెదనాన్న కొడుకు ఉన్నాడుగా, వాడు వేస్తాడు."

సీజన్లో సెలవు ఇవ్వరు. ఎంత కడిగినా చేతులు మండుతూనే ఉన్నాయి.

మర్నాడు మా షెడ్డులో మిరపకాయలకు తొడిమలు తీసే ఒకామె, గుడ్డ ఉయ్యాల్లోంచి తన పిల్లాణ్ణి తీసి పాలివ్వడం చూశాను. తర్వాత ఉండబట్టలేక అడిగాను.

"ఏమ్మా, కారం చేతులతో పిల్లాణ్ణి ఎట్లా ఎత్తుకుంటున్నావు?"

"ఎత్తుకోకపోతే నువ్వొచ్చి పాలిస్తావా బాబూ?"

షెడ్డంతా గొల్లుమంది. నవ్వు ఆగాక ఆమే చెప్పింది. ముందు పొడి చేతులకు నూనె. పాతగుడ్డతో తుడుపు. అప్పుడు శనగపిండి, సబ్బు, చన్నీళ్ళు. చివర వేళ్ళు కింది పెదవికి ఆనించి చూసుకోవాలి. చురుక్కుమంటే మళ్ళీ మొదట్నుంచి.

"ముందే నీళ్ళు పోస్తే కారం ఒళ్ళంతా పూసుకున్నట్టే. అందులోనూ వేణ్ణీళ్ళా! చదువుకున్నావంటగా?"

చదువుకున్నాను. పాలిటెక్నిక్ వర్క్‌షాపులో గ్రీజు చేతులకు కిరసనాయిలు రాసి తుడిచాకే సబ్బు ముట్టుకునేవాళ్ళం. మూడేళ్ళు చేసిన పనే. అమ్మ పాప బుగ్గకు నూనె రాసినప్పుడైనా తట్టలేదు.

ఇరవయ్యొకటో రోజు సాయంత్రం డ్యూటీ దిగి వచ్చి ఆమె చెప్పిన వరస రెండుసార్లు చేశాను. పది వేళ్ళూ ఒక్కొక్కటే పెదవికి ఆనించాను. ఏమీ లేదు. అమ్మ నమ్మలేదు, నా చేయి లాక్కుని తన పెదవికి ఆనించుకుని చూసింది. తర్వాత పాపను నా చేతుల్లో పెట్టింది.

ఉయ్యాల దగ్గరకు నాలుగడుగులు వేశానో లేదో, పాప నా చూపుడువేలు పట్టుకుని నోట్లో పెట్టేసుకుంది. లాక్కునే వ్యవధి ఇవ్వలేదు. అక్క మంచం మీంచి సగం లేచింది. అమ్మ నూనెసీసా కోసం చూసింది. పాట ఎత్తుకోబోతున్న పేరంటాళ్ళు కూడా ఆగిపోయారు.

పాప చప్పరిస్తూనే ఉంది. కాసేపయ్యాక పాలు రావడం లేదని మాత్రం ఏడ్చింది.

"ఆకలేడుపేరా అది" అంది అక్క నవ్వుతూ. "ఉయ్యాల్లో వేసి ఇటివ్వు."