పెద్దమ్మ చుట్టిన అయిదు వేల చుట్లు

కాదండీ, ఆ గిటార్లో తీగ చుట్టింది నేను కాదు. మా పెద్దమ్మ. ఆవిడ పోయి పదిహేను రోజులయింది. పెద్దాసుపత్రిలో, పొద్దున్నే, నేను టీ తేవడానికి కిందికి దిగిన కాసేపట్లో పోయింది. నేను వాయిస్తున్నప్పుడు చాలామంది నా గిటార్ వంక చూసి, "నువ్వే చేశావంట కదా" అనేవారు. నేను తలూపేవాణ్ణి. నలుగురిలో నాకు నోరు పెగలదు. అందుకే సగమే నేను చేశానని, మిగతా సగం పెద్దమ్మదని ఎప్పుడూ చెప్పలేకపోయాను. ఇప్పుడు రాసి చెబుతున్నాను. చదివింది ఆరో తరగతి, తప్పులుంటే సర్దుకోండి.

బేస్ గిటార్ అంటే నాలుగు లావు తీగలుండే గిటార్. ఆర్కెస్ట్రాలో వెనక నిలబడి వాయిస్తారు. పాట నడుస్తున్నంతసేపూ అది ఉన్నట్టే తెలీదు. ఆగిపోతే మాత్రం పాట కింద నేల జారిపోయినట్టుంటుంది. మొదటిసారి దాన్ని శ్రీరామనవమి పందిట్లో విన్నాను. జనంలోకి వెళ్ళడానికి సిగ్గేసి పెద్ద స్పీకరు పెట్టె వెనక నిలబడ్డాను. ఆ మోత చెవుల్లోకి కాకుండా కడుపులోకి వచ్చింది. ఇంటికెళ్ళాక కూడా పోలేదు. నిద్రలో కాలువ మీద పడవ వెళుతుంటే ఆ చప్పుడే వినపడింది.

కొనడం మాట మాకు తలపుకి కూడా రాదు. చేసుకోవాల్సిందే. నేను ఆటోనగర్లో లారీలకి చెక్క బాడీలు కట్టే షెడ్డులో పనిచేస్తాను. ఒంటికి లారీ పలక ముక్క, మెడకి పాత గుమ్మం టేకు, మెడ మీది మెట్లకి ఇత్తడి కమ్మీ దొరికాయి. తీగలు బిగించే మరల్ని బోల్టులు అరగదీసి చేశాను. చెయ్యడం తెలీనిది ఒకటే మిగిలింది. తీగల కింద ఒక అయస్కాంతం పెట్టి, దానికి తొడిగే చిన్న చెక్క కండె చుట్టూ వెంట్రుకంత సన్నటి రాగి తీగ చుట్టాలి. ఆ చుట్టే చప్పుడుని స్పీకరుకి మోసుకెళుతుంది. అయిదు వేల చుట్లుండాలని రేడియో షాపాయన చెప్పాడు. అయస్కాంతం కూడా ఆయనే ఇచ్చాడు, కాలిపోయిన మైకు సెట్టులోంచి తీసి.

రెండు వందలు దాటేసరికి తీగ తెగేది. మళ్ళీ మొదలు. మళ్ళీ తెగేది.

పెద్దమ్మ మా అమ్మకి అక్క. ఆరో తరగతితో చదువు ఆపేసి బెజవాడ వచ్చినప్పటి నుంచి నేను ఆవిడ దగ్గరే ఉన్నాను. పొద్దున చేపలమ్మి పదింటికల్లా ఖాళీ తట్టతో వచ్చేది. మధ్యాహ్నాలు బందరు కాలువ వైపు గుమ్మంలో కూర్చుని, ఏటిలో వేటాడేవాళ్ళ వలలు బాగుచేసేది. వల కొసని కాలి బొటనవేలికి తగిలించుకుని, పెదాలు కదుపుతూ, పైకి వినపడకుండా లెక్కపెట్టేది. అప్పుడు పలకరిస్తే జవాబు ఓ అరగంట తర్వాత వచ్చేది. నేను అడిగింది నేనే మర్చిపోయాక, "ఆ, ఉంది, ఉట్టి మీద చూడు," అనేది.

ఆ రోజు నా చేతిలో తీగ చూసి అడిగింది.

"ఏందిరా అది? ఎవరి జుట్టు కోసుకొచ్చావు?"

"రాగి తీగ పెద్దమ్మా. ఈ కండె మీద అయిదు వేల చుట్లు పడాలంట. తెగిపోతంది."

"లాగితే తెగదా మరి! చేపనైనా అట్టా లాగితే మూతి చిరుగుద్ది. లాగకు. రానివ్వు. ఇటు తే."

తీగ రీలుని ఇత్తడి చెంబులో నిలబెట్టింది. కండెకి ఒక పెన్సిలు గుచ్చింది. పాత చీర ముక్కని రెండు వేళ్ళ మధ్య మడిచి, అందులోంచి తీగని పోనిస్తూ పెన్సిలు తిప్పడం మొదలుపెట్టింది. ఇరవై చుట్లకి ఒక వేలు మడిచేది. అయిదు వేళ్ళూ మడిస్తే ఒక చింతపిక్క పక్కన పెట్టేది. చెంబులోంచి తీగ వస్తున్నట్టు కంటికి కనపడేది కాదు. ఎండ పడినప్పుడు మాత్రం ఎర్రగా ఓ గీత మెరిసి ఆరిపోయేది. ఆవిడ గాలిని చుడుతున్నట్టుండేది.

పక్కింటావిడ గుమ్మంలో ఆగింది. "ఏం వదినా, సీతాకోకచిలకలకి వల అల్లుతున్నావా?"

"కాదే, మీ ఆయన నోరు కుడదామని."

నాలుగు మధ్యాహ్నాలకి యాభై పిక్కలయ్యాయి. తీగ ఒక్కసారి కూడా తెగలేదు.

లావు తీగలు మద్రాసు నుంచి తెప్పించాలన్నారు. "తీగలకేం కరువురా," అంది పెద్దమ్మ. చల్లపల్లి దాటి సముద్రం వైపున్న పుట్టింటికి వెళ్ళి, పెద్ద గాలాలకి కట్టే నైలాను దారం నాలుగు లావుల్లో తెచ్చింది. బిగించి చూశాం. చెక్కకి గుండె ఆనించి మీటితే దుమ్ దుమ్మని ఎంత బాగుందో. రేడియో షాపుకి పట్టుకెళ్ళి ఆయన యాంప్లిఫైయరుకి తగిలించాం. స్పీకరు పలకలేదు.

షాపాయన మీటరు పెట్టి చూశాడు. "ముల్లు కదుల్తంది. తీగ తెగలేదండీ. ఎక్కడో పూత ఊడి రెండు చుట్లు తగులుకున్నాయేమో."

"అంటే తప్పు నాదా?" అంది పెద్దమ్మ.

"మీదని కాదండీ..."

"నీదా మరి? చుట్టింది నేను కదా."

ఆవిడ బాగుచేసిన వల మళ్ళీ బాగుకని ఏనాడూ తిరిగి రాలేదు. ఇంటికొచ్చి చుట్లన్నీ విప్పేసి కొత్త తీగతో మొదటి నుంచి చుట్టింది. మళ్ళీ వెళ్ళాం. మళ్ళీ మూగే. రాత్రి అన్నం సరిగ్గా తినలేదు. మూడోసారి చుట్టడానికి కూర్చుంది.

ఆ మూడోసారి ఆఖరి రోజు తలంటుకుంది. నెరిసిన తడి జుట్టు విరబోసుకుని ఎండలో చుడుతూ కూర్చుంది. నలభై ఎనిమిదో పిక్క దగ్గర చెయ్యి ఆపి కళ్ళు చికిలించింది.

"ఒరే, నా ఎంట్రుకేదో నీ తీగేదో తెలవట్లేదు. ఒకటి చుట్టేసినట్టున్నా."

"తీసెయ్యి పెద్దమ్మా, మళ్ళీ మోగదేమో."

"ఎంట్రుకకి భయపడేదైతే అదేం వాయిద్యంరా?" అని తిప్పేసింది.

మూడోసారి కూడా స్పీకరు నోరు తెరవలేదు. షాపాయన తల గోక్కున్నాడు. నేను ఇక వద్దనుకుని గిటార్ని గోనెసంచిలో పెట్టబోయాను. పెద్దమ్మకి కోపమొచ్చింది. వంగి, చుట్టు మీద అరచేత్తో తట్టబోయింది. ఆవిడ గాజుకి ఎప్పుడూ నాలుగైదు పిన్నీసులు వేలాడుతుంటాయి. అవి టక్కున అయస్కాంతానికి అంటుకున్నాయి. స్పీకరు ఢబ్బుమంది. షాపాయన చేతిలో స్క్రూడ్రైవరు కిందపడింది.

పెద్దమ్మ చెయ్యి లాక్కుంది. మళ్ళీ ఢబ్బు. ఒక పిన్నీసు ఊడదీసి చుట్టు మీద అటూ ఇటూ ఆడించింది. గుర్రు గుర్రుమంది. నైలాను దారం మీటింది. ఏమీ లేదు.

"ఇది నైలాన్ని గుర్తుపట్టట్లేదురా. దీనికి ఇనుము కావాలి!"

షాపాయన నెత్తి కొట్టుకున్నాడు. పెద్దమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కళ్ళ నీళ్ళొచ్చేదాకా నవ్వింది. గిటార్ వంక చూసి, "మూడుసార్లు చుట్టించుకున్నావు గదే, నోరు లేనిదానా," అంది. బయటికొచ్చాక నా భుజం తట్టి ఇంకో మాట అంది. "నా చుట్టులో తప్పు లేదు. ఎక్కడన్నా రాసిపెట్టుకో."

ఇదిగో పెద్దమ్మా, రాశాను.

మర్నాడు ఆటోనగర్లో స్కూటర్ల క్లచ్ కేబులు, బ్రేకు కేబులు లోపలి తీగలు నాలుగు ఏరుకొచ్చాను. షాపాయన పాత యాంప్లిఫైయరు ఒకటి అరువిచ్చాడు. మధ్యాహ్నం మా ఇంట్లో మొదటిసారి మోగింది. గూట్లో చెంబు వణికింది. పెద్దమ్మ నేల మీద అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకుంది. చిన్నప్పుడు వాళ్ళ నాన్న పడవలో పడుకుంటే అడుగు చెక్కకి నీళ్ళు ఇలాగే తగిలేవంట. "ఇంకోసారి కొట్టు," అంది. ఎన్నిసార్లు కొట్టానో. గుమ్మం అవతల కాలువ మెల్లగా పోతూనే ఉంది. ఇల్లు కూడా దాంతోపాటు కదిలినట్టనిపించింది.

తర్వాత ఆర్కెస్ట్రాలో నన్ను చేర్చుకున్నారు. పెద్దమ్మ ప్రతి ప్రోగ్రాంకీ వచ్చేది. కుర్చీ ఇస్తే కూర్చునేది కాదు. స్పీకరు పెట్టె వెనక, ఒకప్పుడు నేను నిలబడ్డట్టే, పెట్టెకి వీపు ఆనించి నిలబడేది.

ఈ వానాకాలం ఆవిడకి ఆయాసం పట్టుకుంది. గిటార్‌కి కూడా ఏదో పట్టుకుంది. ముందు చిటచిటమనేది. ఆవిడ్ని ఆసుపత్రిలో చేర్చిన వారంలో పూర్తిగా ఆగిపోయింది. మంచం మీంచి ఆవిడ అడిగింది.

"మోగుతందా?"

"మోగుతుంది పెద్దమ్మా."

నేను ఆవిడతో ఆడిన అబద్ధం అదొక్కటే అనుకుంటాను.

పెద్దకర్మ అయ్యాక షాపాయన మీటరు పెట్టాడు. ఈసారి ముల్లు కదల్లేదు. చెమ్మకి లోపలెక్కడో తీగ తెగిందన్నాడు. మొత్తం విప్పి కొత్త తీగ చుట్టాలంతే. పై ఆదివారం ప్రోగ్రాం ఉంది. ఈలోగా కాకపోతే ఇంకొకణ్ణి చూసుకుంటామని ఆర్కెస్ట్రాలో చెప్పారు.

పెద్దమ్మయితే ఏం చేసేదో నాకు తెలుసు. వాళ్ళమ్మ అల్లిన వల ఒకటి ఆవిడ దగ్గర ఉండేది. చిరిగిన చోటల్లా పాత ముడులు కోసేసి కొత్తవి వేసేది. "మీ అమ్మ ముడులు కదా," అని నేనంటే, "ఆ చిల్లు మా అమ్మదని చేపకి తెలుసా?" అనేది. అల్లి అల్లి చివరికి అందులో వాళ్ళమ్మ ముడి ఒక్కటైనా మిగిలిందో లేదో.

అందుకని ఈ పొద్దున గుమ్మంలో కూర్చున్నాను. చెంబు పెట్టుకున్నాను. పాత చీర ముక్క వేళ్ళ మధ్య మడిచి, కొస దొరకబుచ్చుకుని, వెనక్కి తిప్పుతూ చుట్లు విప్పడం మొదలుపెట్టాను. లాగలేదు. రానిచ్చాను. ఇరవైకి ఒక వేలు మడిచాను. ఒక పిక్క పెట్టాను. ఇంకోటి పెట్టబోతుండగా ఎర్ర తీగతోపాటు తెల్లగా ఏదో పైకి లేచింది. వేలెడు పొడుగు. ఒక కొస ఇంకా చుట్ల కిందే ఉంది. రెండో కొస కాలువ గాలికి ఊగుతోంది, ఎండలో మెరుస్తోంది, ఆరిపోతోంది.

తెగిన చోటు ఇంకా లోపలుంది. చెయ్యి ఆపి ఇది రాస్తున్నాను. మీరైతే తిప్పుతారా?