మ్యాచ్ రోజు పక్కన పెట్టిన బకెట్

మొన్న క్రికెట్ మ్యాచ్ రోజు, స్టేడియం పక్కనే ఉన్న మా ఉప్పల్ గల్లీ మొదట్లో ఒక గులాబీ రంగు బస్సు వచ్చి ఆగింది. మసక అద్దాలు, ఎక్కడానికి వెనక ఇనుప మెట్లు. "అది లేడీ పోలీసోళ్లకు పెట్టిన బాత్రూం బస్సు నానమ్మా" అంది మనవరాలు, ఫోన్‌లోంచి తల ఎత్తకుండానే. నేను గేటు పట్టుకుని చూస్తూ ఉండిపోయాను. "అందుల గంతసేపు సూడనీకి ఏమున్నది?" అని నవ్వింది. ఒకప్పుడు వాళ్ళకు ఆ బస్సు మా ఇల్లే.

ఇప్పటిలా కాదు, అప్పట్లో మాకు నల్లా రోజు మార్చి రోజు వచ్చేది. అదీ మధ్యాహ్నం పూట, దారప్పోగంత సన్నగా. అందుకని గల్లీలో ఇంటింటా నల్లాకు మోటారు బిగించి నీళ్ళు లాగేవాళ్ళు. అలా లాగితే చివరి ఇళ్ళకు చుక్క రాదని, నీళ్ళ ఆఫీసు వాళ్ళు పోలీసుల్ని వెంటబెట్టుకొచ్చి మోటార్లు పట్టుకుపోయేవాళ్ళు. మా మోటారు మా ఆయన తెచ్చింది. నాచారంలో ఫ్యాక్టరీ డ్యూటీ దిగి, అక్కడి పాత సామాను దుకాణంలో బేరమాడి సైకిల్ మీద కట్టుకొచ్చాడు. అరిగిన సబ్బు ముక్కల్ని కూడా ఒకదానికొకటి అతికించి వాడే ఇల్లు మాది. ఆ మోటారు పోతే ఇంకోటి వచ్చే మాట లేదు, ఎండాకాలమంతా ట్యాంకర్ దగ్గర బిందెల కొట్లాటే. ఇక మ్యాచ్ రోజుల్లో బందోబస్తుకు జిల్లాల నుంచి కూడా పోలీసులు దిగేవారు. కూరగాయల సంచీతో వస్తున్న నన్ను కూడా ఆపి "ఎటువోతున్నవమ్మా?" అనేవారు. "మా ఇంటికే. దానిక్కూడ టికెట్ సూపియ్యాల్నా?" అనేదాన్ని.

ఒకసారి మ్యాచ్ రోజూ నల్లా రోజూ ఒకటే అయ్యాయి. మా ఆయన డ్యూటీలో ఉన్నాడు. మోటారు గుర్రుమంటోంది. పక్కింటామె గోడ మీదుగా తల పెట్టి, "అక్కా, మోటర్ తియ్యి! పోలీసామె గల్లీలకొచ్చింది. గేటు గేటుకు ఆగి తొంగి సూస్తుంది" అంది.

"ఊకెనే సూస్తుందేమో!"

"ఊకెనే సూడనీకి నువ్వేమన్న కొత్త పెండ్లిపిల్లవా? తియ్యి జల్ది!"

ప్లగ్గు పీకి, పైపు ఊడదీసి, నీళ్ళు కారుతున్న మోటారును చంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని ఇల్లంతా తిరిగాను. బియ్యం డబ్బాలో పట్టదు. మంచం కింద పెడితే నీళ్ళు వాకిట్లోకి దారి చూపిస్తాయి. చివరికి బాత్రూంలో మూలకు పెట్టి, బట్టలు నానబెట్టే తొట్టి బోర్లించాను. కుచ్చిళ్ళు పిండుకునేలోపే గేటు చప్పుడైంది.

ఆ పోలీసామే, మా బిడ్డ వయసుది. ఖాకీ చొక్కా వీపుకు అంటుకుపోయింది, పెదవులు ఎండిపోయి ఉన్నాయి. "అమ్మా, జర లోపటికి రానిస్తరా?" అంది.

"లోపటేం లేదు మేడం. నల్లా గూడ రాలే" అన్నాను. నల్లా సంగతి ఆమె అడగనే లేదని అన్న తర్వాత తట్టింది.

"నేనేం సూడనీకి రాలేదమ్మా. పొద్దుగాల సంది నిలవడ్డ, బాత్రూంకు పోవాలె. మొగోళ్లు ఏ గోడసాటుకన్న పోతరు, నేనేడికి పోవాలె? మళ్ల పోవాల్సొస్తదని నీళ్లు గూడ తాగుతలేను. గల్లీ అంత తిరిగిన గని, ఎవ్వరినీ అడగబుద్ధి గాలె."

గేటు గొళ్ళెం నా చేతిలోనే ఉంది. లోపలికి రానిస్తే మోటారు పోతుంది. రానివ్వకపోతే ఈ పిల్ల ఎక్కడికి పోతుంది? బెల్టు కింద చెయ్యి అదుముకుని, కాళ్ళు దగ్గర పెట్టుకుని, కళ్ళు దించుకుని నిలబడి ఉంది. ఆడదానికి ఆ అవస్థ ఏమిటో ఆడదానికి చెప్పక్కర్లేదు. "రా బిడ్డా" అని గొళ్ళెం తీశాను.

ఆమె తలుపు వేసుకుంది. కాసేపటికి లోపల తొట్టి గరగర జరిగింది. అయిపోయింది అనుకున్నాను. గోడ మీంచి పక్కింటామె, దొరికిపోయిందా అని చేత్తో సైగ. నేను మా ఆయనకు చెప్పాల్సిన మాటలు లోపల పేర్చుకుంటున్నాను.

ఆమె ముఖం కడుక్కుని బయటికి వచ్చింది. "తొట్టి కాలుకు తగిలి జరిగిందమ్మా, మళ్ల కప్పిన. మోటర్ మంచిగ ఆరినంకనే పెట్టుర్రి. తడిది పెడితే షాక్ గొడ్తది." రెండడుగులు వేసి వెనక్కి తిరిగి, మెల్లగా "మా ఇంట్ల గూడ ఉన్నది" అంది.

అప్పుడు నీళ్ళిచ్చాను. చెంబు ఎత్తి గటగటా తాగింది. ఇంకా కావాలంది. ఆ రోజు అంత ధైర్యంగా ఆమె నీళ్ళు తాగడం అదే మొదలేమో.

ఆ తర్వాత ప్రతి మ్యాచ్‌కూ తోటి పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చేది. గడప బయట బూట్ల వరస, వాటి తోలు వాసన, మా అద్దం ముందు జడపిన్నులు పళ్ళతో పట్టుకుని జుట్టు సవరించుకునే ముఖాలు. మైదానంలోంచి ఒక్కసారిగా కేకలు లేస్తే "ఫోరా? అవుటా?" అని నన్నే అడిగేవాళ్ళు. వాళ్ళ కోసం ఒక బకెట్ నింపి పక్కన పెట్టి, "మనిషికి ఒక్కటే మగ్గు" అని చెప్పేదాన్ని. "దొంగలు మా లాఠీకి భయపడ్తరు గని, మేము నీ మగ్గుకు భయపడ్తున్నం అమ్మా" అనేది ఆమె. "మీ ఇల్లు ఠాణా అయ్యిందక్కా" అని పక్కింటామె. అన్నదే గానీ, జడలు వేయడానికి గోడ దాటి వచ్చేది తనే.

ఒక ఏడు ఆమె రాలేదు. సొంత జిల్లాకు బదిలీ అయిందని తోటి పిల్లలు చెప్పారు. తర్వాత వాళ్ళూ తగ్గారు. నల్లా రోజూ రావడం మొదలయ్యాక మోటారును పాత ఇనుము వాడికి వేశాం, బేరమాడకుండా మాత్రం కాదు.

మొన్న సాయంత్రం ఆ బస్సు మెట్లు దిగుతూ ఒక పోలీసు పిల్ల తడి చేతులు దులుపుకుని, అటే చూస్తున్న నన్ను "ఏమన్న కావాల్నా అమ్మా?" అని అడిగింది. "ఏం లేదు బిడ్డా" అన్నాను. మంచిదే, ఇప్పుడు ఏ పిల్లా గేటు గేటుకూ తొంగి చూడక్కర్లేదు. ఇంట్లోకి వచ్చి చూస్తే బాత్రూంలో బకెట్ నిండుగా, పక్కకు పెట్టి ఉంది. పొద్దున్నే నేనే నింపాను. పారబోయడం నాకు చేతకాదు, కరివేపాకు చెట్టుకు పోశాను. కాలం మారిందని గల్లీ అంతటికీ తెలిసింది, నా చేతులకే ఇంకా ఎవరూ చెప్పలేదు.