మొద్దుకు సాక్షి

యాదలక్ష్మిని మొద్దు అనడానికి ఆ ఊళ్ళో ఎవరికీ ఏ సర్టిఫికెట్టూ అవసరం పడలేదు. కేతేపల్లి పక్కనే ఆ ఊరు. చిన్నప్పుడు బడిలో పుస్తకం తెరిస్తే చాలు, అక్షరాలు ఆమె కళ్ళ ముందు కుదురుగా నిలిచేవి కావు. ఆ బిరుదు బడి సారు ఇచ్చాడు, ఊరు ఖాయం చేసింది, పెళ్ళయ్యాక అత్తగారు దాన్ని భద్రంగా కాపాడింది.

ఇప్పుడామె అంగన్‌వాడీలో ఆయా. వండేదీ, పిల్లల ముక్కులు తుడిచేదీ, కథలు చెప్పేదీ ఆమే. సంతకం మాత్రం టీచరమ్మది. పది పాసైతే తనూ టీచరు కావచ్చని తెలిసి, నలభయ్యో ఏట ఓపెన్ స్కూల్లో చేరింది. "ముసలిదానికి దసరా పండుగ!" అని ఊరు తనివితీరా నవ్వుకుంది. మొదటిసారి రాస్తే, ప్రశ్నలు కూడబలుక్కుని చదివేసరికే బెల్లు కొట్టారు.

అక్షరాలు కుదరనివాళ్ళకు దవాఖానలో కాగితం రాసిస్తే పరీక్షలో గంట ఎక్కువిస్తారని ఎవరో చెప్పారు. నల్లగొండ పోయింది. డాక్టరు సుమన చదివించింది, రాయించింది, అన్నీ చూసింది. "చిన్నప్పుడు నీకు చదువు చెప్పిన సారును తోలుకొని రా. చిన్నప్పట్నుంచే ఇట్లున్నదా అని ఆయనతోని కూడా మాట్లాడాలె" అంది.

రామచంద్రయ్య సారు రిటైరై అరుగు మీద పేపరు చదువుతున్నాడు. సంగతి విని ఎగిరిపడ్డాడు.

"నా బడిల మొద్దులున్నరని నేనే చెప్పాల్నా? నా పేరేం గావాలె? అసలు నిన్ను మొద్దని ఎవలన్నరే?"

"మీరే సారూ. రోజూ."

"నేనా? ఛ! నువ్వు మంచి తెలివిగల పిల్లవు."

ఆ ఒక్కమాట కోసం చిన్నప్పుడు ఎంత ఏడ్చిందో! దొరకక దొరకక, అక్కరకు రాని రోజున దొరికింది.

అయినా మర్నాడు సారే ఇస్త్రీ చొక్కా తొడుక్కుని ఆటో ఎక్కాడు, డాక్టరు దగ్గర తన పేరు కాపాడుకోవడానికి.

"డాక్టరమ్మా, గీ పిల్ల మొద్దు గాదు. ఎక్కం అడిగితే టక్కున చెప్తుండె. కథ ఒక్కసారి వింటే పొల్లుపోకుండ అప్పజెప్తుండె. చదువుమంటేనే నోరు పెగలకపోతుండె. బద్ధకం! నేను ఊకున్ననా? అయిదేండ్లు కొట్టిన. నా తరఫున ఏ లోపం లేదు."

"చాలు సార్, నాకు కావాల్సింది ఇదే" అంది డాక్టరు. "ఇది బద్ధకం గాదు, మొద్దుతనం గాదు. తెలివి ఉన్నా అక్షరం పట్టుబడదు. డిస్‌లెక్సియా అంటరు. గంట ఎక్కువిస్తరు, ప్రశ్న చదివి వినిపిస్తరు."

సంతోషం రావలసిన చోట యాదలక్ష్మికి ఏడుపు తన్నుకొచ్చింది. "దీనికి పేరు గూడ ఉన్నదా అమ్మా? మరి నేను గన్ని దెబ్బలెందుకు తిన్న?"

డాక్టరు సారు వైపు చూసింది. సారు ఫ్యాను వైపు చూశాడు.

ఆ ఏడు యాదలక్ష్మి పది పాసయింది. మిఠాయి పట్టుకుని సారింటికి పోతే అరుగు నిండా జనం. సారు లడ్డూ నములుతూ అందరికీ వినబడేట్టు అన్నాడు: "నేను రాకపోతే దీనికి గా గంట దొరుకుతుండెనా?"

"యాడ దొరుకుతది సారూ?" అంది యాదలక్ష్మి, ఇంకో లడ్డూ చేతిలో పెడుతూ. "అయిదేండ్లు కొట్టినోళ్ళు మీరు తప్ప ఇంకెవలున్నరు సాక్ష్యం చెప్పెటందుకు?"