తొంభై ఏడో రోజు చుక్కలు

2024 అక్టోబరు 22, మంగళవారం, ఉదయం 5 గంటల 47 నిమిషాలు. న్యూ టౌన్‌లోని ఒక అపార్ట్‌మెంటు తొమ్మిదో అంతస్తులో, తన గుమ్మం ముందు హైమ నూట పదమూడో చుక్క పెట్టింది. మధ్య వరుసలో పదిహేను. అటూ ఇటూ రెండేసి తగ్గుతూ చివరికి ఒకటి. గీతలకని కొత్త సుద్దముక్క తీసుకుంటుండగా, చెప్పుల స్టాండు మీద ఛార్జింగ్‌లో ఉన్న భర్త ఫోను మోగింది.

"వదినా, ప్రవీణ్‌కుమార్ని, పలాస నుంచి. అన్నయ్య లేచేడా? రఘురాం చిన్నాన్న పోయేడు. తెల్లారగట్ల మూడింటికి."

హైమకు నలభై మూడేళ్లు. సాల్ట్ లేక్‌లో ఒక రక్తపరీక్షల ల్యాబ్‌లో పని. పరిశోధనకు విశాఖలో ఒకసారి, భువనేశ్వర్‌లో ఒకసారి పేరు నమోదు చేసుకుంది. భర్త శ్యామసుందర్ బ్యాంకు బదిలీల వల్ల రెండూ మధ్యలోనే ఆగాయి. పూర్తిచేశానని చెప్పుకోవడానికి ఆమెకు ఒక్కటీ లేదు. అందుకే చుట్టుపక్కల తెలుగు ఆడవాళ్లు వాట్సాప్‌లో మొదలుపెట్టిన వంద రోజుల ముగ్గుల పందెంలో చేరింది. రోజుకొక కొత్త ముగ్గు, సొంత గుమ్మం ముందే, ఏడు గంటలలోపు ఫొటో. ఒక్కరోజు తప్పితే లెక్క సున్నాకు వస్తుంది. మొదటిసారి ఇరవై మూడో రోజున, రెండోసారి అరవై ఒకటో రోజున తప్పింది. ఇది మూడోసారి, తొంభై ఏడో రోజు.

వాళ్ల ఇంటి ఆచారం ప్రకారం, జ్ఞాతి మరణిస్తే పది రోజులు గుమ్మంలో ముగ్గు ఉండదు. అయితే మైల పట్టేది కబురు విన్నప్పటి నుంచి. ఆ నిమిషానికి ఆ ఇంట్లో మైల పట్టినది హైమ ఒక్కర్తికే. శుక్రవారం ఉదయం ఏడు దాటాక చెబితే వంద పూర్తవుతుంది. ఆమె సుద్దముక్కను మొదటి చుక్క పక్కన ఆనించింది. గీత మాత్రం లాగలేదు.

అత్తగారు భానుమతి తలుపు తీసుకుని వచ్చింది. "ఏటే, ఇంకా సుక్కల కాడే ఉండిపోనావు? ఎవురు ఫోను?"

"అత్తయ్యా, కబురు వినకపోతే మైల లేనట్టేనా?"

"తెలీనోళ్లకి మైలేటి?" అనేశాక ఆవిడ కోడలి ముఖం చూసింది. "ఎవురు పోనారు?"

హైమ చెప్పింది.

భానుమతి గుమ్మానికి ఆనుకుంది. "నా పెళ్లికి తలంబ్రాలయిపోయేక వొచ్చేడు. జన్మలో ఒక్క పనీ వేళకి సేసినోడు కాదు. ఇప్పుడేటి తొందరొచ్చిందో! నాలుగ్రోజులు ఆగలేకపోనాడు." పమిటతో కళ్లు ఒత్తుకుంది.

"గీసెయ్యనా అత్తయ్యా?"

"నానేటి సెయ్యను తల్లీ, వినీసేవు గదా. సుక్కలు కబురుకి ముందరే పెట్టీసేవు, ఆటికి మైల్లేదు, ఉండనీ. గీతలు మట్టుకు వొద్దు."

శ్యామసుందర్ నిద్ర లేచి ఇద్దరి మాటా విన్నాడు. "నేనేం అనగలను, హైమా?" అని, పలాసకు ఫోను చెయ్యడానికి బాల్కనీలోకి వెళ్లాడు.

6 గంటల 52 నిమిషాలకు హైమ చుక్కల ఫొటో పంపి, కారణం ఒక్క వాక్యంలో రాసింది. పందెం నడిపే సమీర హైదరాబాదు పిల్ల, సెక్టార్ ఫైవ్‌లో ఇంజనీరు. వెంటనే ఫోను చేసింది.

"సారీ ఆంటీ, మా అమ్మమ్మ ఇంట్ల కూడా గిట్లనే చేస్తరు. కానీ గీత లేదు కదా, చుక్కలే ఉన్నయి. సగం ముగ్గు లెక్కకు రాదని ఆగస్టుల మీరే కదా రూల్ పెట్టించింది? ఇప్పుడు మీకొక్కరికి ఒప్పుకుంటే మిగిలినోళ్లు నన్ను బతకనిస్తరా?"

"నిజమే. నేనే పెట్టించాను," అంది హైమ.

7 గంటల 15 నిమిషాలకు ఆఫీసు బస్సు ఎక్కింది. ఆ రోజు ల్యాబ్‌కు డెంగీ అనుమానంతో డెబ్బై రెండు నమూనాలు వచ్చాయి. గడ్డకట్టిన రెండింటిని, నియమం ప్రకారం, ప్లేట్‌లెట్లు లెక్కించకుండానే వెనక్కి పంపింది.

సాయంత్రం 6 గంటల 20 నిమిషాలకు ఇంటికి చేరేసరికి చుక్కలు అలాగే ఉన్నాయి. తుడవడానికి వచ్చిన పనిమనిషి మాసిని భానుమతి బతిమాలి పక్క నుంచి తుడిపించిందట. హైమ వాటిని దాటి లోపలికి వెళ్లి, చెయ్యి కడుక్కుని, ఫోను చూసింది. సమీర ఆ రోజు పట్టిక అప్పటికే పెట్టింది. హైమ పేరు మూడో వరుసలో ఉంది. దాని ఎదురుగా ఉన్న అంకె:

0